ఎవరింటి సోల?

పెళ్ళయ్యాక అత్తారింటికి పంపే సారె సర్దుతుంటే మా నాన్నగారు ఒక పాత పుస్తకం తెచ్చి చీరల మడతల మధ్య దూర్చారు. 1978 సంగతి. విజయవాడ ఏలూరు రోడ్డు మీద పాత పుస్తకాల కొట్లో కొన్నారట. అట్ట లేదు, మొదటి పదహారు పేజీలు లేవు. పేరూ లేదు, రాసినవాళ్ళ పేరూ లేదు. పదిహేడో పేజీ "దించి చల్లారనివ్వవలెను" అని మొదలవుతుంది. ఏది దించాలో ఆ ఊడిపోయిన పేజీలకే తెలియాలి. తర్వాత్తర్వాత మా ఇంట్లో అది సామెతైపోయింది. నేను ఏ వంట పాడుచేసినా మావారు కంచం ముందు కూర్చుని గంభీరంగా "దించి చల్లారనివ్వవలెను" అనేవారు.

అప్పటికి నాకొచ్చినవి మూడే: కాఫీ, చారు, బంగాళాదుంప వేపుడు. బి.ఏ. పరీక్షలు రాసిన నెలకే పెళ్ళి. "అన్నీ అత్తగారు నేర్పుతుందిలే" అంది అమ్మ. నాన్నగారికి మాత్రం ఆ ధీమా ఉన్నట్టు లేదు, అందుకే ఆ పుస్తకం.

అత్తవారిది భీమవరం దగ్గర పల్లెటూరు. పెద్ద వంటిల్లు, రెండు కట్టెల పొయ్యిలు, ఓ వత్తుల స్టవ్వు. పుస్తకాన్ని బియ్యం డబ్బా వెనకాల పెట్టుకుని, అత్తయ్యగారు పెరట్లోకి వెళ్ళినప్పుడల్లా తీసి చూసేదాన్ని, పరీక్ష హాల్లో చిట్టీ చూసినట్టు. చూసి మాత్రం ఏం లాభం? ప్రతి వంటకీ చివర "ఉప్పు తగినంత" అని ఉండేది. ఎంతకి తగినంత? "దోరగా వేయించి" అని ఉండేది. దోర అంటే ఏ రంగు? "కమ్మటి వాసన వచ్చువరకు" అని ఉండేది. కమ్మటి వాసనకీ మాడు వాసనకీ మధ్య ఎన్ని సెకన్లుంటాయో ఎవరూ రాయరు. మెంతుల విషయంలో ఆ సంగతి నాకు రెండుసార్లు అర్థమైంది. మెంతులు మాడితే పులుసంతా చేదు, ఇంకేం వేసినా దాగదు.

ఇవి కాక కొలతలు. కిలోలూ లీటర్లూ 1960ల మొదట్లోనే వచ్చేశాయి కదా, నేను బళ్ళో చదువుకున్నవీ అవే. పుస్తకం మాత్రం అంతకు ముందుది. అంతా తవ్వలూ, సోలలూ, గిద్దెలూ, పలాలూ, వీశెలూ. నాలుగు గిద్దెలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక, నాలుగు మానికలు ఒక కుంచం. బరువులకైతే పలం అంటే మూడు తులాలు, దాదాపు 35 గ్రాములు. నలభై పలాలు ఒక వీశె, అంటే 1,400 గ్రాములు. మావయ్యగారిని అడిగి ఇవన్నీ పుస్తకం వెనక ఖాళీ పేజీలో పెన్సిల్‌తో రాసుకున్నాను. కోడలికి లెక్కలంటే ఇష్టమనుకుని ఆయన ముచ్చటపడ్డారు.

ఆ సంక్రాంతికి నా లెక్కల బండారం బయటపడింది.

అరిసెల పని మూడు రోజుల పని. బియ్యం నానబోసి, నీళ్ళు మార్చి, వడకట్టి, తడి ఆరకముందే దంచాలి. ఇద్దరు ఆడవాళ్ళు రోకళ్ళు చేతులు మార్చుకుంటూ దంచుతుంటే ఇంకొకరు జల్లెడ పట్టి, పిండి ఆరిపోకుండా చేత్తో అదిమి మూత పెట్టాలి. పాకం నేను పడతానన్నాను. అందరూ నా మొహం చూశారు. పుస్తకంలో ఉంది కదా, రెండు తవ్వల బియ్యమునకు అర వీశె బెల్లము. రెండు తవ్వలంటే నాలుగు సోలలు. అర వీశె అంటే 700 గ్రాములు. ముందు రోజు బియ్యం నానబోసేటప్పుడే అత్తయ్యగారి ఇత్తడి సోలతో నేనే కొలిచాను. కొలతంటే కొలతే అని, ప్రతి సోలకీ అరచేత్తో అంచు నిమిరి ఎక్కువైన గింజలు కింద పడేశాను. బెల్లం కొట్టు నుంచి తూకం వేయించి తెప్పించాను.

పాకం బాగానే కుదిరింది. చిన్న పళ్ళెంలో నీళ్ళు పోసి చుక్క వేస్తే జారిపోకుండా వేళ్ళ మధ్య మెత్తటి ఉండ అయింది. దించి, పిండి మొత్తం పోసి కలిపాను. కాస్త జారుగా అనిపించింది కానీ చల్లారితే గట్టిపడుతుందనుకున్నాను. నువ్వులద్ది, ఆకు మీద తట్టి, నూనెలో వేశాను. ముందు అంచులు విచ్చుకున్నాయి. తర్వాత మధ్యలో చిల్లు పడింది. ఆ చిల్లు పెద్దదవుతూ, నేను చిల్లుల గరిటె అందుకునే లోపు అరిసె కాస్తా బాణలి నిండా ఎర్రటి తరకల్లా పరుచుకుంది. రెండోదీ అంతే. మూడోది వెయ్యడానికి నాకు చెయ్యి రాలేదు.

అత్తయ్యగారు ఏమీ అనలేదు. నూనె వడకట్టించి, అటకెక్కిన డబ్బాలోంచి ఇంత బియ్యప్పిండి తీయించి, గుప్పెడు గుప్పెడు చల్లుతూ ముద్ద మర్దించారు. పొడి పిండి కాబట్టి అరిసెలు కాస్త గట్టిగా వచ్చాయి గానీ విచ్చలేదు. "పాకం పట్టేవాళ్ళెవరైనా ఓ దోసెడు పిండి పక్కన పెట్టుకుంటారు అమ్మాయ్" అన్నారు. ఇక దాచి లాభం లేదని పుస్తకం తెచ్చి చూపించాను. ఆవిడ అయిదో తరగతి దాకా చదివారు. కళ్ళజోడు పెట్టుకుని, వేలు పెట్టి, ఆ వాక్యం పైకి చదివారు. చదివి నన్ను అడిగారు:

"అంతా బానే ఉంది గానీ, ఈ పుస్తకంలో సోల ఎవరింటి సోల?"

ఆ ప్రశ్న నా బుర్రలో ఎప్పుడూ మెదల్లేదు. మా ఇంటి సోల సొట్టపోయి ఉంది. పక్కింటివాళ్ళది అంతకన్నా పొడుగు. చెల్లెలు గారింటి సోల తెప్పించి రెండింట్లోనూ నీళ్ళు పోసి చూపించారావిడ. మా సోలెడు నీళ్ళు వాళ్ళ సోలలో పోస్తే ఇంకా వేలెడు ఖాళీ ఉంది. మరి అన్నేళ్ళుగా ఎవరింట్లో వాళ్ళకి వంట ఎలా కుదురుతోంది? ఎవరింటి సోలకి వాళ్ళింటి చెయ్యి అలవాటు పడి ఉంటుంది, అంతే.

అప్పట్నుంచీ పుస్తకం దాక్కోవాల్సిన పని లేకపోయింది. మధ్యాహ్నం పూట అత్తయ్యగారే "ఏదీ, నీ పుస్తకం ఇవాళేమంటోంది?" అనేవారు. నేను చదివేదాన్ని, ఆవిడ తీర్పు చెప్పేవారు. గుత్తివంకాయలో కొబ్బరి అంటే "మనకొద్దు, నువ్వులు వెయ్యి". గోంగూర పప్పులో చింతపండు అంటే "రాసినావిడ గోంగూర ఎప్పుడూ తినలేదు కాబోలు". నేను అంచుల్లో పెన్సిల్‌తో రాసుకునేదాన్ని.

1982లో మావారికి వరంగల్ బదిలీ. బ్యాంకు ఉద్యోగం, మూడు నాలుగేళ్ళకోసారి మూటాముల్లే సర్దుకోవడమే. బయల్దేరేటప్పుడు అత్తయ్యగారు ఆ సొట్ట సోల నా సంచిలో వేశారు. "నాకు చేతి కొలత చాలు, నీకే కావాలి" అన్నారు.

హన్మకొండలో మేం దిగిన ఇంట్లో రెండు వాటాలు. పక్క వాటా ఆవిడ నాకన్నా రెండేళ్ళు చిన్న, నన్ను అక్కా అనేది. మొదటి వారంలోనే ఓ సాయంత్రం గిన్నెలోంచి తీసి సగం విరిచి ఇచ్చింది, కింద ఎర్రగా కరకరలాడుతూ, పైన మెత్తగా, మధ్యలో పల్లీలూ నువ్వులూ తగులుతూ. సర్వపిండి. కొన్నిచోట్ల సర్వప్ప అనీ గిన్నప్ప అనీ కూడా అంటారని తర్వాత తెలిసింది. రాత్రి పుస్తకం తిరగేశాను. లేదు. సర్వపిండే కాదు, సకినాలు లేవు, పచ్చిపులుసు లేదు, తెలంగాణ వంటన్నది ఒక్కటి లేదు. నాలుగొందల పేజీల నిండా ఆంధ్రుల వంటలే. కానీ హల్వా పేజీ పక్కనే కేకు ఉంది, 'దొరల పద్ధతి' అని. దొరల కేకుకి చోటు దొరికింది, వరంగల్ సర్వపిండికి దొరకలేదు. అప్పుడు నవ్వొచ్చింది కానీ, ఇప్పుడు తలుచుకుంటే ఆ రాసినవాళ్ళ మీద కాస్త కోపమే వస్తుంది.

మర్నాడు పుస్తకం చూపించి, ఇందులో లేదు, చెబితే రాసుకుంటానన్నాను.

"గింత లావు పుస్తకంల సర్వపిండి లేదా? గదేం పుస్తకమక్కా!" అంది ఆ పిల్ల.

చెప్పింది. బియ్యప్పిండి, నానబెట్టిన శనగపప్పు, పల్లీలు, నువ్వులు, ఉల్లిపాయ ముక్కలు, పచ్చిమిర్చి, కరివేపాకు, జీలకర్ర, ఉప్పు. నీళ్ళెన్ని? "ముద్దయ్యేటన్ని." ఉప్పు? "సూసుకోని ఎయ్యాలె." తగినంతకి ఆ ఊరి మాట అదన్నమాట! అన్నీ రాసుకుని ఇంటికొచ్చి చేశాను. సర్వ లోపల నూనె రాసి, ముద్దని అడుగునా అంచులకీ పల్చగా అద్ది, వేలితో చిల్లులు పెట్టి, చిల్లుల్లో నూనె చుక్కలు వేసి, మూత పెట్టి సన్న సెగ మీద ఉంచాను. మొదటిది దివ్యంగా వచ్చింది. ఆ ఉత్సాహంలో రెండో ముద్ద తీసుకుని అదే సర్వలో అద్దబోయాను. నాలుగు వేళ్ళూ చుర్రుమన్నాయి. పిండి కూడా అద్దిన చోటల్లా ఉడికిపోయి చేతికే వచ్చేసింది. నా కేక విని పక్కావిడ పరుగెత్తుకొచ్చి, సర్వ బోర్లించి అడుగున చెంబుడు నీళ్ళు పోసింది. సర్వ చల్లారాకే రెండోది అద్దాలట. అందుకే వాళ్ళింట్లో రెండు సర్వలు. ఒకటి పొయ్యి మీదుంటే ఒకటి చల్లారుతుంది.

"చెప్పలేదేం?" అన్నాను చేతులూదుకుంటూ.

"ఉడుకు గిన్నెల చెయ్యి పెట్టద్దని గూడ చెప్పాల్నా?" అంది.

పుస్తకం చివరి ఖాళీ పేజీలో నా చేతిరాతతో ఉన్న మొదటి వంట ఆ సర్వపిండే. ఆఖరున "దించి చల్లారనివ్వవలెను" అని రాసుకున్నాను. పదిహేడో పేజీలోని ఆ ముక్కకి నాకు తగిన వంట దొరికినట్టయింది.

ఇక ఆ దొరల కేకు. 1985లో మా అమ్మాయి అయిదో పుట్టినరోజు. బేకరీ కేకు కొంటే పోయేది కానీ, నాకు అప్పటికి పౌరుషం వచ్చేసింది. పుస్తకంలో కేకు రెండు వాక్యాల్లో తేల్చేశారు కాబట్టి, మావారు బ్యాంకు నుంచి తెచ్చిన ఓ ఇంగ్లీషు పత్రికలోది ఎంచుకున్నాను. 350 డిగ్రీల ఫారన్‌హీట్‌లో 40 నిమిషాలు. ఓవెన్ ఎక్కడిది? ప్రెషర్ కుక్కర్లో రెండు వేళ్ళ మందాన జల్లించిన ఇసుక పోసి, దాని మీద గిన్నె పెట్టి, గ్యాస్కెట్టూ వెయిటూ తీసేసి మూత పెట్టాలని ఎవరో చెప్పారు. గుడ్లు మూడు వెయ్యాలి. అప్పుడు అత్తయ్యగారు మా ఇంట్లోనే ఉన్నారు, గుడ్డు గడప దాటే ప్రసక్తి లేదు. గుడ్లకి బదులు పాలు పోశాను. బేకింగ్ పౌడర్ రెండు టీస్పూన్లు అన్నారు. కిరాణా కొట్టాయన పొట్లం కట్టిచ్చింది వంటసోడా. రెండూ ఒకటేనన్నాడు, నేనూ నమ్మాను.

కేకు పొంగిన పొంగు చూసి నేనే దణ్ణం పెట్టబోయాను. ముదురు గోధుమ రంగు, మధ్యలో చిన్న పగులు. ఎదురింటి పిల్లలతో సహా అందరూ చప్పట్లు కొట్టారు. అమ్మాయి మొదటి ముక్క నోట్లో పెట్టుకుని నా వైపు చూసి, "అమ్మా, సబ్బు" అంది. నిజంగా సబ్బే. పిల్లలందరికీ లడ్డూలు పంచి పంపించాను.

ఆ రాత్రి ఎందుకిలా అయిందని తల పట్టుకుని కూర్చుంటే, కేకు వంక కన్నెత్తి చూడని అత్తయ్యగారే చెప్పారు. "పునుగుల పిండి పులిస్తేనే కదే సోడా పట్టేది. తియ్యటి పిండిలో వేస్తే దానికి పనేముంటుంది?" అక్షరాలా అంతే. వంటసోడా పూర్తిగా ఖర్చవ్వాలంటే పులుపు కావాలి. పులుపు లేకపోతే మిగిలిన సోడా మిగిలినట్టే ఉండి సబ్బు వాసన కొడుతుంది. బేకింగ్ పౌడర్లోనైతే పుల్లటి పదార్థం ముందే కలిపి ఉంటుంది. వారం తిరక్కుండా పుల్లటి పెరుగు వేసి, సోడా పావు చెంచాకి తగ్గించి మళ్ళీ చేశాను. ఇసుక ఎంత వేడెక్కిందో తెలియడానికి థర్మామీటర్ లేదు కదా, దాని మీద ఇంత మైదా చల్లి, అది గోధుమ రంగుకి తిరగడానికి ఎన్ని అంకెలు లెక్కపెట్టాలో చూసుకునేదాన్ని. అరవై లెక్కపెట్టే సరికి రంగు తిరిగితే గిన్నె లోపల పెట్టొచ్చు, ఇరవైకే తిరిగితే మంట తగ్గించాలి. అత్తయ్యగారు ముక్క తిని "గుడ్డు వెయ్యలేదుగా?" అని మూడుసార్లు అడిగి, రెండో ముక్క తీసుకున్నారు. ఆ కేకు మా ఇంట్లో ఇరవై ఏళ్ళు నడిచింది. పేరు పునుగుల కేకు.

మధ్యలో ఇంకా చాలా జరిగాయి. రాయైపోయిన మైసూర్ పాక్ గురించి అందరూ రాస్తారు కాబట్టి నేను రాయను.

ఆవకాయ సంగతి మాత్రం చెప్పాలి. 1994 వేసవికి మేం హైదరాబాదులో ఉన్నాం. అన్నేళ్ళూ ఆవకాయ ఊరి నుంచే వచ్చేది. ఆ ఏడు నేనే పెడతానన్నాను. ఆరు మానికల ముక్కలకి మానికెడు ఆవపిండి, మానికెడు కారం, మానికెడు ఉప్పు. ఈసారి సోల మనదే, సోలకి నాలుగింతలు మానిక, లెక్క తప్పే ప్రశ్న లేదు. ముక్కలు తడి లేకుండా తుడిచాను, టెంక లోపలి పొర తీశాను, పప్పునూనె పోశాను. మూడో రోజు తిరగ కలిపి నాలిక మీద పెట్టుకుంటే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కారానికి కాదు, ఉప్పుకి. ఉప్పు కషాయం!

ఎక్కడ తప్పానో రెండు రోజులు తేలలేదు. చివరికి తప్పంతా ప్యాకెట్ ఉప్పుదని తేలింది. ఊళ్ళో ఆవకాయకి కల్లుప్పు ఎండబెట్టి, రోట్లో బరకగా దంచి వేసేవారు. బరక ఉప్పులో గింజకీ గింజకీ మధ్య సందు ఉంటుంది. ప్యాకెట్ ఉప్పు మెత్తటి పొడి, సందు లేకుండా కూరుకుంటుంది. పట్టు వదలక రెండూ మానికెడేసి కొలిచి కొట్లో తూయించాను. పొడి ఉప్పు దాదాపు రెండు వందల గ్రాములు ఎక్కువ తూగింది. కొట్లో కుర్రాడు నన్ను అదోలా చూశాడు. ఆవకాయ మాత్రం బతికింది. మరో రెండు మానికల ముక్కలు, ఇంత ఆవపిండి, కారం, నూనె కలిపేసరికి సర్దుకుంది. పుస్తకంలో ఉప్పు పక్కన "కల్లుప్పు దంచినది. ప్యాకెట్ అయితే ముప్పావు" అని రాశాను. ఆ పేజీ ఇప్పుడు నూనె పీల్చి అటువైపు అక్షరాలు ఇటు కనిపిస్తుంది.

అత్తయ్యగారు 2003లో పోయారు. సోల నా దగ్గరే ఉంది.

2012 సంక్రాంతికి ముందు డాలస్ నుంచి అమ్మాయి ఫోన్ చేసింది, అరిసెలు చేస్తానని. కొలతలు గ్రాముల్లోనో కప్పుల్లోనో చెప్పమంది. పుస్తకం తీశాను. రెండు తవ్వలు, నాలుగు సోలలు, అర వీశె. ఆ రాత అప్పటికే మాసిపోయింది కానీ ఆ నిష్పత్తితోనే నేను ముప్ఫై ఏళ్ళుగా చేస్తున్నాను, ఒక్కటీ విచ్చలేదు. బెల్లం 700 గ్రాములు అన్నాను. సోలకి ఎంత పడుతుందో చెప్పాలి కదా, అమ్మాయి చిన్నప్పుడు ఇంట్లో వదిలేసి వెళ్ళిన కెమిస్ట్రీ గీతల జాడీ కడిగి, సోలెడు నీళ్ళు పోసి చూశాను. 240 మిల్లీలీటర్లకి కాస్త అటూ ఇటూ.

"అమ్మా! మా కప్పు కూడా అంతే!" అని అది ఎగిరి గంతేసినంత పని చేసింది. నాకూ భలే అనిపించింది. భీమవరం పక్క పల్లెటూళ్ళో సొట్టపోయిన సోలా, అమెరికా కప్పూ ఒకటే అయ్యాయి. నాలుగు కప్పుల బియ్యం నానబెట్టింది. తడిపిండి మిక్సీలో పట్టింది. జాగ్రత్తగా జల్లించింది. పాకం కూడా ఫోన్లో వీడియో పెట్టి చూపించింది, ఉండ సరిగ్గా కుదిరింది. ఓ దోసెడు పిండి పక్కన పెట్టుకోమని చెబుదామనుకుంటూనే మరిచిపోయాను.

గంట తర్వాత మళ్ళీ వీడియో. బాణలిలో ఎర్రటి తరకలు.

నాకు 1979 కళ్ళ ముందు తిరిగింది. పాకం సరే, బెల్లం సరే, కప్పూ సోలా ఒకటే, మరేమైంది? "నువ్వెలా కొలుస్తావో చూపించు" అంది. ఫోను స్టీలు డబ్బాకి ఆనించి, సోల తీసుకుని బియ్యం డబ్బాలో ముంచాను. ముంచి, ఎప్పట్లాగే ఎడమచేత్తో ఓ పిడికెడు పైన వేసి, గోపురంలా పోగు నిలబడ్డాక గిన్నెలో పోశాను. అలా వెయ్యడం అత్తయ్యగారి దగ్గర ఎప్పుడు పట్టుబడిందో నాకే తెలియదు. ఆ పోగుతో కలిపి సోలా గిద్దె ఉంటుంది. కొత్తగా కాపరానికి వెళ్ళినప్పుడు నేను అరచేత్తో నిమిరి కింద పడేసిన గింజలు అవే.

అవతల కాసేపు మాట లేదు. తర్వాత అమ్మాయి పకపకా నవ్వింది.

"నీళ్ళకి పోగు నిలబడదు కదమ్మా!"